రెప్పపాటుకో చూపు

రెప్ప మీద కురుపు లేస్తుంది. పది రోజులు సలిపి కరిగిపోతుంది, లేదంటే డాక్టరు చిన్న కోత పెట్టి తీసేస్తారు. అద్దంలో చూసుకుంటే రెప్ప మామూలుగానే కనిపిస్తుంది. చూపు మాత్రం మామూలుగా ఉండదు. పేపరు చదువుతుంటే మూడో వాక్యం దగ్గర అక్షరాలకు నీడలు వస్తాయి. రెప్ప కొడితే తేరుకుంటాయి, కాసేపటికి మళ్ళీ చెదురుతాయి. రాత్రి ఎదురొచ్చే లారీ లైటు చుట్టూ గీతలు విచ్చుకుంటాయి. మర్నాడు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆసుపత్రికి వెళితే బోర్డు మీద ఆఖరి వరస దాకా చదివించి, ‘6/6 ఉంది, కళ్ళు బాగున్నాయి’ అని పంపేస్తారు. ఇంట్లోవాళ్ళు ఫోను తగ్గించమంటారు.

ఇలాంటి మసకను ‘కారణం తెలియనిది’ అనేముందు రెండు ప్రశ్నలు అడగాలన్నది నా వాదన. రెప్ప అంచుని నొక్కి చూశారా? కన్నీటికి రంగు వేసి, అది చెదిరేదాకా సెకన్లు లెక్కపెట్టారా? కారణం దొరకలేదని తేల్చిన కేసుల్లో చాలావాటికి ఈ రెండూ జరిగి ఉండవు.

ముందు ఆ బోర్డు సంగతి. 6 మీటర్ల దూరంలో అక్షరాలు. మనిషి కుర్చీలో కూర్చుని, గట్టిగా రెండుసార్లు రెప్పలు కొట్టి, కళ్ళు చికిలించి, మూడు సెకన్లలో వరస చదివేస్తాడు. రెప్ప కొట్టిన వెంటనే కన్నీటి పొర కొత్తగా, నునుపుగా పరుచుకుని ఉంటుంది. నాలుగో సెకనులో అది చిరిగినా బోర్డుకు తెలియదు, అప్పటికే పాసైపోయాడు. వాన వెలిసిన మర్నిమిషం బావిలో నీళ్ళు చూసి ఊళ్ళో కరువు లేదని రాసుకున్నట్టుంటుంది ఈ కొలత. రెప్ప కొట్టకుండా కొంతసేపు చూస్తూనే ఉంటే చూపు ఎంతకు పడిపోతుందో కొలిచే పరీక్ష ఒకటుంది. దాన్ని ఫంక్షనల్ విజువల్ అక్యూయిటీ అంటారు. ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు కానీ, దాని పేదింటి రూపం ఏ క్లినిక్‌లోనైనా ఉచితంగా చేయొచ్చు: చదవగలిగిన ఆఖరి వరస మీదే చూపు నిలిపి, రెప్ప వేయకుండా, అక్షరాలు ఎన్నో సెకనుకు విరిగాయో చెప్పడం. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ‘మసగ్గా ఉంది’ అనే మాటకన్నా ‘ఐదో సెకనుకు చెదురుతోంది, రెప్ప కొడితే వస్తోంది’ అనే మాట పదింతలు పనిచేస్తుంది.

కన్నీటికి ఇంత పెత్తనం ఎక్కడిదంటే, కాంతి మొదట వంగేది అక్కడే. కాంతిని వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు, అందులో 43 దాకా కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర, వాటా. ఆ వంపులో సింహభాగం గాలికీ తడికీ మధ్య ఉన్న సరిహద్దులో, అంటే కన్నీటి పై తలంలో జరుగుతుంది. ఆ పొర మందం సుమారు 3 మైక్రాన్లు. మన వెంట్రుక దానికి ఇరవై రెట్లుంటుంది. ఇంత పల్చటి నీరు ఆరిపోకుండా కాపాడేది దాని మీద తేలే నూనె పొర, అది మైక్రానులో పదో వంతుకు అటూ ఇటూ. ఈ నూనె పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 నిలువు గ్రంథుల్లో తయారవుతుంది. 1666లో హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వర్ణించాడు, అందుకే మైబోమియన్ గ్రంథులంటారు. వాటి నోళ్ళు వెంట్రుకల వరసకు వెనక, కంటివైపు అంచున చుక్కల్లా ఉంటాయి. రెప్ప పూర్తిగా మూసుకున్న ప్రతిసారీ పిసరంత నూనె బయటికొస్తుంది.

నెయ్యి తెలిసినవాళ్ళకు ఈ జబ్బు వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో గిన్నెలో జారే నెయ్యే డిసెంబరులో చెంచాకు లొంగదు. ఆరోగ్యంగా ఉన్న రెప్ప నూనె ఒంటి వేడికే కరిగి పారుతుంది. జబ్బుపడిన నూనె కరగడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి, అందుకే అది గొట్టంలోనే చిక్కబడి టూత్‌పేస్టులా తయారవుతుంది. అలా ఒక గ్రంథి మూసుకుపోయి, నూనె చుట్టూ ఉన్న కండలోకి కారి, ఒళ్ళు దాని మీద తిరగబడితే వచ్చే నొప్పిలేని గడ్డే చలాజియాన్. నొప్పితో, ఎర్రగా, చీముతో లేచేది వేరు. మనం రెంటినీ కంటికురుపు అనే అంటాం. గడ్డ పోయింది కదా అని ఊరుకుంటాం కానీ, ఒకింట్లో డ్రైనేజీ పొంగిందంటే ఆ వీధి గొట్టమంతా ఎలా ఉందో చూడాలి. మిగతా గ్రంథులు కూడా అదే స్థితిలో ఉండి ఉండొచ్చు. కురుపు పోయాక కూడా చూపు ఊగిసలాడటానికి ఇదే మొదటి అనుమానం.

రెండో దారి బరువు. 5 మిల్లీమీటర్లు దాటిన గడ్డ, ముఖ్యంగా పై రెప్ప మధ్యలో ఉన్నది, కార్నియాను నొక్కి దాని వంపు మారుస్తుంది. అద్దాల షాపువాళ్ళు సిలిండర్ అనే పవరు అలా కొత్తగా పుడుతుంది. గడ్డ తీశాక కార్నియా మెల్లగా తన రూపానికి వస్తుంది, కానీ ఆ వారమే కాదు. కోసిన తర్వాత నెలా నెలన్నర ఆగకుండా కళ్ళజోడు రాయించుకుంటే, కన్ను కోలుకునేసరికి ఆ జోడే మసకకు కారణమవుతుంది. రెప్ప వాలిపోతే ఎత్తి కుట్టే ఆపరేషన్లకూ, రెప్ప చర్మం తగ్గించే ఆపరేషన్లకూ ఇంకా ఓపిక కావాలి, మూడు నెలల దాకా పవరు కదలొచ్చు. వాటిలో ఇంకో చిక్కుంది: రెప్ప పూర్తిగా మూసుకోకపోవడం. పగలు తెలియదు. రాత్రి నిద్రలో కింద సన్నటి సందు మిగిలి, ఫ్యాను గాలికి కార్నియా కింది భాగం ఎండుతుంది. లేచిన వెంటనే మంట, మసక, తొమ్మిదింటికల్లా నయం అనిపిస్తే దీన్ని అనుమానించండి. నిద్రలో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరినైనా టార్చి లేకుండా, మామూలు వెలుతురులో ఫోటో తీయమనండి. డాక్టరుకు చూపించడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

మూడోది మనం వేసుకునే మందే. ఆయింట్‌మెంటు వేసిన గంటా రెండు గంటలు చూపు మసకబారుతుంది, అది జబ్బు కాదు. పగలు చుక్కలు, పడుకోబోయేముందు ఆయింట్‌మెంటు అని పెట్టుకుంటే ఈ గొడవ తీరుతుంది.

ఏ దారిలో వచ్చిందో కొంతవరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక్కో కన్ను మూసి చూడండి. నీడ అక్షరం ఒక కంటితో చూసినా కనిపిస్తే సంగతి ఆ కంటి తలంలోనో, లెన్సులోనో ఉంది. ఏ కన్ను మూసినా మాయమైతే రెండు కళ్ళూ కలిసి కదలడంలో తేడా ఉందన్నమాట, దానికి కన్నీటి చుక్కలు పనిచేయవు. సాయంత్రానికి రెప్ప వాలిపోతూ, రెండేసి బొమ్మలు కనిపిస్తుంటే మయస్థీనియా అనే కండరాల జబ్బు కోసం చూడాలి, నరాల డాక్టరును కలవాలి. తర్వాత ఒక అట్టకు లావుపాటి సూదితో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి అందులోంచి చూడండి. స్పష్టంగా కనిపిస్తే తప్పు పవరులోనో, కన్నీటి తలంలోనో ఉంది. కనిపించకపోతే లెన్సు, రెటీనా, నరం వైపు ఆలోచించాలి. ఆఖరిగా, మసక వచ్చినప్పుడు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్క ఒకటి వేసి రెండు నిమిషాలాగండి. తేరుకుంటే దోషి దాదాపు దొరికినట్టే.

వేళ కూడా చాలా చెబుతుంది. రెప్ప అంచు వాపు పొద్దున్నే ఎక్కువ బాధిస్తుంది, రాత్రంతా మూసిన రెప్పకింద మురికి నిలవుంటుంది కాబట్టి పుసులు, అంటుకున్న వెంట్రుకలు ఉంటాయి. నీరే తక్కువైన కన్ను సాయంత్రానికి అలిసిపోతుంది. మసక గంటల్లో కాక రోజుల్లో, వారాల్లో మారుతుంటే చక్కెర పరీక్ష చేయించండి. షుగరు ఎక్కీ దిగీ ఉన్నప్పుడు కంటి లెన్సు ఉబ్బి, సద్దుమణిగి పవరు మారుస్తుంది. షుగరు మందు మొదలెట్టిన కొత్తలో కొన్ని వారాలు జోడు రాయించుకోకూడదనేది అందుకే.

కంప్యూటరు ముందు లెక్క ఇంకా తేలిక. మామూలుగా నిమిషానికి 15 సార్లు కొట్టే రెప్ప, తెర ముందు సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతుంది. నిమిషానికి ఆరే అనుకుందాం, అంటే పది సెకన్లకొకటి. కన్నీరు నాలుగో సెకనుకు చిరిగితే, ప్రతి పదిలో ఆరు సెకన్లు చిరిగిన పొరలోంచి తెర చూస్తున్నారన్నమాట. పైగా ఆ కాస్త రెప్పపాటూ సగమే, పై రెప్ప కింది దాన్ని తాకదు, నూనె రాదు. హైదరాబాదు ఏసీ ఆఫీసు అయినా, న్యూజెర్సీలో హీటరు వేసిన ఇల్లయినా ఎండగొట్టడంలో ఒకటే. ఇరవై నిమిషాలకోసారి మెల్లగా మూసి రెండు సెకన్లు, గట్టిగా అదిమి రెండు సెకన్లు, ఆపై తెరవడం: ఇలా పదిసార్లు. తెర కంటి ఎత్తుకు కొంచెం కిందుంటే రెప్ప తక్కువ తెరుచుకుంటుంది, ఆరేది తగ్గుతుంది.

డాక్టరు దగ్గర జరగాల్సినదానికి ఒక వరస ఉంది, వరస తప్పితే ఫలితం తప్పుతుంది. వెళ్ళేముందు రెండు గంటలు ఏ చుక్కలూ వేసుకోకూడదు, కాటుక ఉండకూడదు. అక్కడ మొదట కన్నీరు ఎన్ని సెకన్లకు చిరుగుతుందో చూడాలి: తడిపిన ఫ్లోరెసిన్ అనే రంగు కాగితాన్ని కింది రెప్పకు తాకించి, నీలి కాంతిలో మొదటి నల్ల మచ్చ వచ్చేదాకా లెక్క, మూడుసార్లు చేసి సగటు. పది సెకన్లు దాటితే బాగున్నట్టు, ఐదు లోపైతే బాగోనట్టు. తర్వాత షర్మర్ కాగితం, ఐదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. 5 లోపైతే నీరు తక్కువ. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. నూనె లేని కంటికి నీరు పుష్కలంగా ఉండొచ్చు, షర్మర్ 20 చూపించొచ్చు, ఆ కాగితం చూసి ‘పొడి కన్ను కాదు’ అనేస్తారు. బండి మీద వెళుతుంటే కళ్ళ నీళ్ళు ధారగా కారేవాళ్ళకు ఈ మాట మరీ తరచుగా వినిపిస్తుంది. ఆ ధార ఎండిన కార్నియా పెట్టే మొర. ఆఖరున రెప్ప అంచుని వేలితో నొక్కి ఏం వస్తుందో చూడాలి: తేట నూనెనా, మబ్బునీరా, పేస్టా, ఏమీ రాదా. రెప్పను ముందే నొక్కితే నూనె కలిసి మిగతా పరీక్షలు పాడవుతాయి, అందుకే ఇది చివరికి. సౌకర్యమున్నచోట మైబోగ్రఫీ అనే ఇన్‌ఫ్రారెడ్ ఫోటో తీస్తే ఎన్ని గ్రంథులు మిగిలాయో కంటికి కనిపిస్తుంది. ఎండి నశించిన గ్రంథి మళ్ళీ మొలవడం కష్టం, అందుకే ఆలస్యం ఖరీదైనది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మింగినవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, అది ఈ గ్రంథుల్ని కుదించగలదు. జలుబుకు రోజూ వేసుకునే సెట్రిజిన్ లాంటి బిళ్ళలు నీటిని తగ్గిస్తాయి, దాన్నీ చెప్పండి.

ఇక కాపడం. ‘వేడి కాపడం పెట్టుకోండి’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం నాకు నచ్చదు, ఎందుకంటే సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ. నూనె కరగాలంటే రెప్ప లోపలివైపు 40 డిగ్రీలకు చేరాలి, అక్కడ కనీసం ఐదు నిమిషాలు నిలవాలి, పదైతే మేలు. తడి గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకని ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక గిన్నె, రెండు చేతి తువ్వాళ్ళు దగ్గర పెట్టుకోండి. ఒకటి కళ్ళ మీదుండగా రెండోది ముంచి పిండి సిద్ధం చేసి, రెండు నిమిషాలకోసారి మార్చండి. ముంజేతి లోపలివైపు పెట్టి చూస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. 45 డిగ్రీలు దాటితే పల్చటి రెప్ప చర్మం కాలుతుంది. కనుగుడ్డును నొక్కకండి, నొక్కితే కార్నియా కాసేపు వంపు మారి, కాపడం తర్వాత ఇంకా మసగ్గా కనిపిస్తుంది. చాలామంది అది చూసి భయపడి మానేస్తారు.

కాపడం అవగానే, వేడి ఆరకముందే, పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, వెంట్రుకలవైపు, వేలి కొనతో మెల్లగా ఐదారుసార్లు నిమరాలి. ఆపై శుభ్రమైన తడి దూదితో రెప్ప అంచు తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది. వెంట్రుకల మొదళ్ళకు గొట్టాల్లాంటి తెల్ల పొలుసు కనిపిస్తే డెమోడెక్స్ అనే పురుగు ఉందని అర్థం, దానికి వేరే చికిత్స ఉంది. టీ ట్రీ నూనెను నేరుగా మాత్రం పూయకండి, కార్నియా కాలుతుంది. మొదట రోజుకు రెండుసార్లు, తగ్గాక ఒకసారి. ఫలితానికి ఆరు వారాలు పడుతుంది, నాలుగు రోజుల్లో తేడా లేదని మానేస్తే చేయనట్టే.

అరచేతిలో వేలు రుద్ది కురుపు మీద అద్దే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటిదో. ఆలోచన సరైనదే, వేడి నిలిచేది రెండు సెకన్లు. లవంగం అరగదీసి పెట్టడం మాత్రం ప్రమాదం, కంటిలోకి జారితే కార్నియా మంటకు చెప్పనలవి కాదు. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా హాయిగా ఉంటుంది, గ్రంథికి మాత్రం ఒరిగేదేమీ లేదు. కాటుక రెప్ప లోపలి అంచుకు పెడితే సరిగ్గా ఆ గ్రంథుల నోళ్ళ మీదే పూసినట్టు. మానలేకపోతే వెంట్రుకలకు బయటివైపు దిద్దుకోండి.

చుక్కల్లో రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివే తీసుకోవాలి. సీసాల్లో వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ తరచుగా పడితే ఆ తలాన్నే గాయపరుస్తుంది. ఒకేసారి రెండు చుక్కలు దండగ, కంటిలో ఒక చుక్కకే చోటుంది, రెండోది చెంప మీదికే. ఇంకో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. మామూలు సీసా తెరిచిన నెలకు పారేయండి. నూనె తక్కువైన కంటికి నూనె కలిసిన చుక్కలు వేరే దొరుకుతాయి, అడగండి. చేపనూనె బిళ్ళల మీద డబ్బు పోసేముందు ఒక సంగతి: 2018లో వెలువడిన డ్రీమ్ అనే పెద్ద అధ్యయనంలో రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 ఏడాదిపాటు ఇచ్చినా, ఆలివ్ నూనె బిళ్ళలు మింగినవాళ్ళకన్నా మెరుగేమీ కనిపించలేదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కొందరికి బాగా పనిచేస్తాయి, అది డాక్టరు నిర్ణయం. డాక్సీ అయితే గ్లాసెడు నీళ్ళతో మింగి అరగంట నడుం వాల్చకూడదు, గర్భిణులు ముట్టకూడదు.

నాకు నిజంగా కోపం వచ్చేది మందుల షాపు స్టెరాయిడ్ చుక్కల విషయంలో. షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు, అయినా ‘కళ్ళు ఎర్రగా ఉన్నాయి’ అంటే చాలు, యాంటీబయాటిక్‌తో కలిపిన సీసా చేతిలో పెడతారు. రెండో రోజుకే కన్ను తెల్లబడుతుంది. అందుకే జనం ఆ సీసాను దాచుకుని ఎప్పుడు మసకబారినా వేసుకుంటారు. నెలల తరబడి అలా వాడితే కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా నరం ఎండిపోతుంది, శుక్లం ముందే వస్తుంది. డాక్టరు రాసినా, ఎన్ని రోజులో, ఎలా తగ్గించుకోవాలో, ఒత్తిడి ఎప్పుడు కొలవాలో అడిగి రాయించుకోండి.

కళ్ళజోడు దగ్గరికొద్దాం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోనూ వైఎస్సార్ కంటి వెలుగు పేరుతో వచ్చింది. చత్వారం అద్దాలకూ, శుక్లాలను పట్టుకోవడానికీ అలాంటి శిబిరాలు మేలే చేస్తాయి. కానీ శిబిరమైనా, షాపైనా, కంప్యూటరు యంత్రం ఒక్క క్షణపు పవరును అచ్చుకొడుతుంది. కన్నీరు చెదిరే కంటికి మూడుసార్లు తీస్తే మూడు సిలిండర్లు వస్తాయి. అలాంటప్పుడు జోడు మార్చడం ఆపి, ఆరు వారాలు రెప్ప బాగుచేసి మళ్ళీ కొలవాలి. శుక్లం ఆపరేషన్‌కు ముందు ఇది మరీ ముఖ్యం. లోపల పెట్టే లెన్సు పవరు కార్నియా వంపు కొలతతో లెక్కిస్తారు. ఎండిన తలం మీద తీసిన కొలత తప్పితే, ఆ తప్పు కంటిలోనే ఉండిపోతుంది.

ఆగి చూడకూడని సందర్భాలూ ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక కంటి ముందు తెర దించినట్టు చీకటి కమ్మి నిమిషాల్లో విడిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, అది మెదడుకు వెళ్ళే రక్తనాళాల హెచ్చరిక కావొచ్చు. మెరుపులు, నల్ల చుక్కల వాన రెటీనా సంగతి. దీపాల చుట్టూ రంగుల వలయాలతో తలనొప్పి, వాంతులు ఉంటే కంటి ఒత్తిడి. కాంతి చూడలేని నొప్పి, ఎరుపు ఉంటే కార్నియా పుండు కావొచ్చు. ఇంకొకటి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి: నడివయసు దాటినవాళ్ళలో అదే చోట గడ్డ మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అక్కడ వెంట్రుకలు రాలుతుంటే, తీసిన ముక్కను బయాప్సీకి పంపమని అడగాలి. నూనె గ్రంథి కేన్సరు చలాజియాన్ వేషంలోనే వస్తుంది, మన దేశంలో రెప్ప కేన్సర్లలో దాని వాటా పాశ్చాత్య దేశాలకన్నా చాలా ఎక్కువ.

అన్నీ వెతికాక కూడా కొందరికి జవాబు దొరకదు. రెప్ప వెనక మచ్చ కార్నియాను గరుకుగా రుద్దుతుండొచ్చు, కంటి నరాలే అతిగా స్పందిస్తుండొచ్చు. పరీక్షల్లో కనిపించేదీ, మనిషి పడే బాధా సరిపోలకపోవడం ఈ జబ్బులో మామూలే. అది ‘మీ మనసులో ఉంది’ అనడానికి ఆధారం కాదు. అలాంటివాళ్ళకు నేను చెప్పేది రెండు వారాల లెక్క పుస్తకం: వేళ, ఏ కన్ను, ఎన్ని సెకన్లకు చెదిరింది, రెప్ప కొడితే వచ్చిందా, చుక్కతో వచ్చిందా, అప్పుడు గాలి, తెర, మందు ఏవి. ఒక్కో పూటకు ఒక్క వరస చాలు. ఆ పుస్తకంలో మసక సాయంత్రం ఆరింటికి వస్తోందని తేలితే, అపాయింట్‌మెంటు కూడా సాయంత్రం ఆరింటికే అడగండి. పొద్దున తొమ్మిదింటికి నిద్ర తీరి వెళ్ళిన కన్ను, డాక్టరు ముందు బుద్ధిగా 6/6 చదివేస్తుంది.